పాఠకుల ప్రశ్నలు: గోడకి అంటుకుని మిగిలిన అల్మారా

పోయిన సంచికలో చివరి పేజీలో, రష్యా నౌకకి ఒక సైనికుడు మధ్యవేలు చూపిస్తున్న ఉక్రెయిన్ పోస్టల్ స్టాంపు బొమ్మ ఒకటి వేసి కింద రెండు లైన్లు రాశాను, అంతే, దాని మీద ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. కొందరు ఉత్తరం రాశారు, చాలామంది వాట్సాప్ చేశారు, ఒకాయన అయితే కోపంగా ఫోన్ చేశారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం యుద్ధం మధ్యలో ఉక్రెయిన్ కళాకారులు వేసిన బొమ్మలకే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నేను విన్నిత్సాలో ఎంబీబీఎస్ చదువుతుండగా యుద్ధం మొదలైంది. రొమేనియా బోర్డర్ దాటి ఆపరేషన్ గంగ ఫ్లైట్‌లో వచ్చేశాం. అక్కడి ఫ్రెండ్స్ ఇప్పటికీ ఇన్‌స్టాలో ఒక వంటింటి అల్మారా, దాని మీద కోడిపుంజు ఉన్న బొమ్మలు పెడుతుంటారు. అడిగితే బొరొద్యాంక అంటారు, ఇంకేం చెప్పరు. ఏంటండీ ఆ కథ? (ఒక పాఠకుడు, విజయవాడ)

బొరొద్యాంక అనేది కీవ్‌కి వాయవ్యంగా ఉన్న చిన్న టౌన్. 2022 మార్చి మొదట్లో అక్కడి అపార్ట్‌మెంట్ల మీద విమానాల నుంచి బాంబులు వేశారు, కొన్ని బిల్డింగులు మధ్యలోకి నిలువునా కూలిపోయాయి. ఏప్రిల్‌లో రష్యా సైన్యం వెనక్కి పోయాక ఫోటోగ్రాఫర్లు వెళ్ళారు, అందులో ఒక ఫోటోలో పై అంతస్తులో ఒక ఫ్లాట్ మొత్తం పోయి ఒక్క గోడ నిలబడి ఉంది, ఆ గోడకి వంటింటి అల్మారా ఒకటి అలాగే వేలాడుతోంది, లోపల ప్లేట్లు కూడా పగల్లేదు. ఫోటో జూమ్ చేసి చూసినవాళ్ళకి అల్మారా మీద పింగాణీ కోడిపుంజు కనిపించింది. ఇంక అక్కడి నుంచి ఇలస్ట్రేటర్లు దాన్ని గీయడం మొదలుపెట్టారు, ఈ అల్మారాలా గట్టిగా నిలబడు అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవడం మామూలైపోయింది.

ఆ కోడిపుంజు ఎందుకంత తగిలింది అంటే అది ఎవరి ఇంట్లోనూ లేని అరుదైన వస్తువు కాదు. కీవ్ దగ్గర వాసిల్కివ్ అనే ఊళ్ళో మజోలికా ఫ్యాక్టరీ ఉండేది, అంటే మట్టి పాత్రల మీద రంగుల గ్లేజ్ వేసి కాల్చే చోటు, సోవియట్ కాలంలో అక్కడ తయారైన పుంజు అది, కూజాలాగా కూడా వాడుకోవచ్చు. మన ఇళ్ళల్లో షోకేసులో కొండపల్లి బొమ్మలు ఉంటాయి చూడండి, అమ్మమ్మ కొన్నది ఎప్పుడో, ఎవరూ పట్టించుకోరు, దుమ్ము తుడుస్తారు అంతే. సరిగ్గా అలాంటిది. రేపు అలాంటి బొమ్మ ఒకటి కూలిన ఇంట్లో తొణక్కుండా కూర్చుని ఉండటం చూస్తే మనకి ఎలా ఉంటుందో ఆలోచించండి, ఆ ఇల్లు ఎవరిదో తెలియకపోయినా మనదే అనిపిస్తుంది.

2022 ఏప్రిల్ 9న బోరిస్ జాన్సన్ కీవ్ వీధుల్లో జెలెన్‌స్కీతో నడుస్తున్నప్పుడు ఒకావిడ ఇద్దరికీ ఇవే పుంజులు ఇచ్చింది, అది కూడా ప్రపంచమంతా చూసింది. అసలు అల్మారాని తర్వాత జాగ్రత్తగా గోడ నుంచి దింపి కీవ్‌లోని మైదాన్ మ్యూజియంకి తీసుకెళ్ళారు, 2013-14లో అక్కడ జరిగిన ప్రభుత్వ వ్యతిరేక ఉద్యమం గుర్తుగా పెట్టిన మ్యూజియం అది. మీ ఫ్రెండ్స్ ఎక్కువ చెప్పకపోవడం నాకు అర్థమైంది, వాళ్ళకి అది వివరించే విషయం కాదు.

ప్రశ్న: అక్కడ జనం చనిపోతుంటే వీళ్ళు పోస్టర్లు వేసుకుంటున్నారు. ఇదంతా ప్రభుత్వం చేయించే ప్రచారమే కదా, దీన్ని కళ అని మీరు పత్రికలో వేయడం నాకు నచ్చలేదు. (రిటైర్డ్ టీచర్, హనుమకొండ)

మాస్టారూ, ఫోన్‌లో కూడా ఇదే అన్నారు, కాబట్టి కాస్త పెద్దగానే చెప్తాను, కోప్పడకండి.

ప్రచారం ఉంది, కాదనను. 2022 ఏప్రిల్‌లో బాండా అనే కీవ్ యాడ్ ఏజెన్సీ ప్రభుత్వంతో కలిసి ‘ఉక్రెయిన్‌లా ధైర్యంగా ఉండు’ అనే క్యాంపెయిన్ చేసింది, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ దాకా పెట్టారు ఆ నీలం పసుపు బోర్డులు. బాగా చేసిన యాడ్, అంతే, నేను దాన్ని గుండెలకి హత్తుకోను. కానీ మొత్తం ఆ లెక్కలో కట్టేస్తే పొరపాటు చేసినట్టే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1986లో చెర్నోబిల్ పేలినప్పుడు శుభ్రం చేసే పనికి పంపినవాళ్ళలో ఖార్కివ్‌కి చెందిన ఒలెహ్ వెక్లెంకో అనే గ్రాఫిక్ ఆర్టిస్ట్ ఉన్నాడు, ఆయన అక్కడ కూడా మనుషుల్ని గీశాడు. తర్వాత 1991లో ఖార్కివ్‌లో పర్యావరణ పోస్టర్ల ట్రియెన్నాలే, అంటే మూడేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ ప్రదర్శన మొదలుపెట్టి దానికి ‘నాలుగో బ్లాక్’ అని పేరు పెట్టాడు, పేలిన రియాక్టర్ నంబర్ అది. అప్పుడు సోవియట్ యూనియన్ ఇంకా ఉంది, ప్రభుత్వం దాచాలనుకున్న సంగతి పేరులోనే పెట్టాడు మరి, దీన్ని ప్రభుత్వ ప్రచారం అని ఎలా అంటాం? తర్వాత 2013-14 మైదాన్ ఉద్యమంలో ‘స్ట్రైక్ పోస్టర్’ అని డిజైనర్లు ఒక ఫేస్‌బుక్ పేజీ పెట్టి పోస్టర్లు ఫ్రీగా ఇచ్చారు, ఎవరైనా దించుకుని ప్రింట్ తీసుకుని గోడకి అంటించుకోవచ్చు. ‘నేను సముద్రంలో ఒక చుక్కని’ అని ఒక నీటిచుక్క పోస్టర్ ఊరంతా కనిపించింది. అది ఉన్న ప్రభుత్వానికి ఎదురుగా నిలబడ్డ పోస్టర్. కాబట్టి 2022 ఫిబ్రవరి 24న పూర్తిస్థాయి యుద్ధం మొదలైనప్పుడు వీళ్ళకి ఎవరూ వచ్చి బొమ్మలెయ్యండి అని చెప్పక్కర్లేకపోయింది. చెయ్యి అలవాటుపడి ఉంది.

ఇంకో సంగతి, వాళ్ళలో వాళ్ళకే గొడవలున్నాయి. మరియమ్మ చేతిలో జావెలిన్ క్షిపణి పెట్టిన ‘సెయింట్ జావెలిన్’ బొమ్మ మీరు చూసే ఉంటారు, ఒక అమెరికన్ చిత్రకారుడి పెయింటింగ్ నుంచి పుట్టింది, కెనడాలో ఉండే ఒకతను స్టిక్కర్లుగా అమ్మి విరాళాలు పోగుచేశాడు. 2022లో కీవ్‌లో ఒక బిల్డింగ్ గోడ నిండా దాన్ని వేస్తే అక్కడి చర్చిల కౌన్సిలే అభ్యంతరం చెప్పింది, చివరికి తల వెనక కాంతివలయం మీద రంగు పూసేశారు. మనకి అమ్మవారి చేతిలో ఆయుధం పుట్టినప్పటి నుంచీ చూసేదే కాబట్టి ఇందులో గొడవేంటి అనిపిస్తుంది, కానీ ఐకాన్, అంటే చర్చిలో పూజించే పటం, ముందు కొవ్వొత్తి వెలిగించే మనిషికి అది వేరే. యుద్ధం మధ్యలో కూడా ఈ బొమ్మ తప్పు అని బయటికి చెప్పుకోగలిగారు చూడండి, నాకు ఆ బొమ్మ కంటే ఆ గొడవే నచ్చింది.

నా అభిప్రాయం అడిగితే ఆయుధాలు గీసిన బొమ్మలు తొందరగా పాతబడతాయి. అల్మారా, రొట్టె, కలినా అనే ఎర్రటి పళ్ళ గుత్తి, ఇలాంటివి గీసినవి ఉంటాయి. ఖార్కివ్‌లో నికీటా తితోవ్ అనే ఆయన పోస్టర్లు చూడండి వీలైతే, రెండు మూడు రంగులు, ఒక్క ఆలోచన, అక్షరం కూడా పెద్దగా ఉండదు, చూసిన సెకనులో విషయం లోపలికి దిగుతుంది.

ప్రశ్న: నేను 30 ఏళ్ళుగా స్టాంపులు పోగుచేస్తున్నాను. మీరు వేసిన స్టాంపులో సైనికుడు వేలు చూపిస్తున్నాడు! ఒక దేశం తపాలా శాఖ ఇలాంటిది వెయ్యొచ్చా? (రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన)

వేశారండీ, పైగా జనమే ఎన్నుకున్నారు. యుద్ధం మొదటి రోజే నల్లసముద్రంలో స్నేక్ ఐలాండ్ అనే చిన్న దీవి దగ్గరికి రష్యా నౌక వచ్చి లొంగిపొమ్మంటే కాపలా ఉన్న సరిహద్దు సైనికుడు రేడియోలో పచ్చి బూతుతో పొమ్మన్నాడు, ఆ మాట నేను ఇక్కడ రాయలేను, ఊహించుకోండి. ఆ ఆడియో బయటికొచ్చాక తపాలా శాఖ ‘ఉక్ర్‌పోష్తా’ స్టాంపు డిజైన్ పోటీ పెట్టింది, ఓటింగ్‌లో క్రిమియాకి చెందిన బోరిస్ గ్రోహ్ వేసిన బొమ్మ గెలిచింది. సైనికుడు మనకి వీపు చూపిస్తూ ఒడ్డున నిలబడి ఉంటాడు, ఎదురుగా బూడిదరంగు నౌక. సముద్రం నీలం, ఇసుక పసుపు, ఇంకెక్కడా జెండా గీయలేదు కానీ జెండా వచ్చేసింది, గమనించారా? డిజైన్‌గా నాకు అదే గొప్పగా అనిపిస్తుంది, వేలు కాదు.

2022 ఏప్రిల్ 12న 10 లక్షల స్టాంపులు విడుదలయ్యాయి. రెండు రోజులకి, 14న, ఆ నౌక ‘మోస్క్వా’, రష్యా నల్లసముద్ర నౌకాదళానికి ఫ్లాగ్‌షిప్, అంటే ముఖ్య నౌక అది, క్షిపణి దెబ్బకి మునిగిపోయింది. ఇంక కీవ్ పెద్ద పోస్టాఫీసు ముందు క్యూ వీధి చివరి దాకా. మే నెలలో ఇంకో వెర్షన్ తెచ్చారు, అందులో నౌక లేదు.

మీ ఆల్బమ్‌కి నన్నడిగితే దానికంటే 2022 జూన్ 28న వచ్చిన ‘మ్రియా’ స్టాంపు వెతకండి. మ్రియా అంటే కల అని, ప్రపంచంలోకెల్లా పెద్ద కార్గో విమానం పేరు, ఉన్నది ఒకటే ఒకటి, ఫిబ్రవరిలో హోస్తొమెల్ ఎయిర్‌పోర్ట్ మీద జరిగిన పోరులో నాశనమైపోయింది. స్టాంపు మీద బొమ్మ వేసింది 11 ఏళ్ళ పాప. 2023 ఫిబ్రవరి 24న వచ్చినదైతే బ్యాంక్సీ అనే బ్రిటిష్ వీధి చిత్రకారుడు బొరొద్యాంకలో కూలిన గోడ మీద వేసిన బొమ్మ, చిన్న పిల్లాడు జూడోలో పెద్దాయన్ని పడేస్తుంటాడు.

ప్రశ్న: నేను తెలుగు ఫాంట్లు చేస్తాను. ఆక్రమించిన ఊళ్ళల్లో ఒక్క అక్షరాన్ని గోడల మీద రాస్తున్నారని విన్నాను. నిజమేనా, ఏ అక్షరం అది? (ఒక డిజైనర్, హైదరాబాద్)

నిజమే. మీరు అడిగినందుకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

ఒక నిలువు గీత, నెత్తిన రెండు చుక్కలు, పలకడం ‘యి’. రష్యన్ అక్షరమాలలో ఇది లేదు, ఉక్రేనియన్‌లో ఉంది. దేశం పేరు వాళ్ళు ‘ఉక్రయీనా’ అంటారు కదా, మధ్యలో ఉన్నది ఈ అక్షరమే, కీవ్ పేరులోనూ ఉంది. మరియుపోల్ లాంటి ఊళ్ళల్లో రాత్రిపూట ఎవరో వచ్చి గోడ మీద ఈ ఒక్క అక్షరం రాసి పోతారు. స్లోగన్ లేదు, జెండా లేదు. పట్టుబడితే ఏమవుతుందో తెలిసి రాస్తారు. స్ప్రే క్యాన్‌తో మూడు కదలికలు, గీత, చుక్క, చుక్క. ఇంతకన్నా తక్కువ గీతల్లో ఇంత మాట చెప్పిన లోగో నేనింతవరకు చూళ్ళేదు.

దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. 1863లో రష్యన్ సామ్రాజ్యంలో హోం మంత్రి వలుయెవ్ ఒక సర్క్యులర్ పంపాడు, అసలు ఉక్రేనియన్ అనే భాషే లేదు, ఉండదు అనే ధోరణిలో, మత పుస్తకాలు, చదువు పుస్తకాలు ఆ భాషలో అచ్చు వెయ్యొద్దని. 1876లో జార్ రెండో అలెగ్జాండర్ జర్మనీలో ఎమ్స్ అనే ఊళ్ళో సేదతీరుతూ ఇంకా కఠినమైన ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు, పుస్తకాలు బయటి నుంచి తేవడం కూడా నిషేధం, నాటకాలు నిషేధం, ఆఖరికి పాటల స్వరాల కింద సాహిత్యం ఆ భాషలో వెయ్యడం కూడా. ఆ తర్వాత సోవియట్ కాలంలో 1933లో వాళ్ళ అక్షరమాల నుంచి గట్టి ‘గ’ అక్షరాన్ని తీసేశారు, మళ్ళీ చేర్చింది 1990లో. మనకీ ఱ వాడకం బాగా తగ్గిపోయింది, ౘ ౙ అచ్చులో దాదాపు కనిపించవు, కానీ అవి వాడుక మారి పోయాయి, ఎవరో ఆఫీసులో కూర్చుని ఉత్తర్వు వేస్తే పోలేదు. ఆ తేడా మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే అక్కడ ఫాంట్ చెయ్యడం అంటే డిజైన్ పనితో అయిపోదు. హియోర్హీ నార్బుత్ పేరు వెతకండి. 1917లో ఉక్రెయిన్ స్వతంత్రం వైపు అడుగేస్తుంటే పెట్రోగ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ఉన్న మంచి పేరు వదులుకుని కీవ్ వచ్చి కొత్త దేశానికి నోట్లు, స్టాంపులు గీశాడు, ఉక్రేనియన్ అక్షరమాలని ఒక్కో అక్షరానికి ఒక్కో పేజీగా బొమ్మలతో గీయడం మొదలుపెట్టాడు, ఆర్ట్ అకాడమీ పెట్టినవాళ్ళలో ఒకడు. 1920లో 34 ఏళ్ళకే పోయాడు. ఆయన అక్షరాల వంపులు పట్టుకుని ఇవాళ్టి కుర్రాళ్ళు ఫాంట్లు చేస్తున్నారు, పోస్టర్లలో అవే వాడుతున్నారు. ఆయన తర్వాతి తరంలో చాలామందిని సోవియట్ ప్రభుత్వం బతకనివ్వలేదు, మిహైలో బోయ్‌చుక్ అనే గొప్ప చిత్రకారుడిని 1937లో కాల్చి చంపింది, గోడల మీద ఆయన, ఆయన శిష్యులు వేసిన బొమ్మల్ని చెరిపేసింది. ఇవన్నీ తెలిశాక ఆ రెండు చుక్కలు వేరేగా కనిపిస్తాయి.

ప్రశ్న: నా కూతురికి ఏడేళ్ళు. టీవీలో చూసి యుద్ధం అంటే ఏంటమ్మా అంటోంది. వాళ్ళు పిల్లలకి బొమ్మల్లో ఎలా చెప్తున్నారు? (గుంటూరు నుంచి ఒక అమ్మ)

అమ్మా, ల్వివ్‌లో అగ్రాఫ్కా అని ఒక స్టూడియో ఉంది, రొమానా రొమనిషిన్, ఆంద్రీ లెసివ్ అని ఇద్దరు. వాళ్ళు 2015లోనే, అంటే దేశం తూర్పున దోన్‌బాస్‌లో యుద్ధం మొదలైన మరుసటి ఏడాదే, చిన్నపిల్లలకి యుద్ధం మీద బొమ్మల పుస్తకం చేశారు. రోందో అనే ఊరు, అక్కడ పూలు పాడతాయి, ముగ్గురు స్నేహితులుంటారు, ఒకరు గాజు బల్బు, ఒకరు బెలూన్ కుక్క, ఒకరు కాగితం పక్షి. ముగ్గురూ ఎంత సున్నితమైనవాళ్ళో చూడండి, ఒకటి పగిలిపోయేది, ఒకటి పేలిపోయేది, ఒకటి కాలిపోయేది. యుద్ధం వస్తుంది. వీళ్ళు మొదట దానితో మాట్లాడాలని చూస్తారు, కుదరదు. చివరికి ఊరంతా కలిసి వెలుగునిచ్చే యంత్రం ఒకటి చేస్తారు. యుద్ధం పోతుంది కానీ ముగ్గురికీ దెబ్బలు ఉండిపోతాయి, మాయమైపోవు. పిల్లలకి అబద్ధం చెప్పకుండా, భయపెట్టకుండా చెప్పారు, నాకైతే కళ్ళు చెమర్చాయి. మీ పాపకి కథలా మీ మాటల్లో చెప్పండి, ముగ్గురు స్నేహితుల్నీ తననే గీయమనండి.

ప్రశ్న: వాళ్ళ జానపద బొమ్మలు మన ముగ్గుల్లా ఉన్నాయి, ఏమైనా సంబంధమా? (అనకాపల్లి)

చరిత్రలో సంబంధం ఏమీ లేదు, చూపుకి మాత్రం పోలికే. పెత్రికివ్కా అనే ఊరి ఆడవాళ్ళు సున్నం వేసిన ఇంటి గోడల మీద పూలు, పళ్ళు, పక్షులు వేసేవాళ్ళు, పిల్లి వెంట్రుకలతో చేసిన కుంచెతో, ముందు గీతలేమీ గీసుకోకుండా నేరుగా. 2013లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది.

అన్నట్టు ఇదే వరసలో మరియా ప్రిమచెంకో గురించి చెప్పాలి. 1909లో బొలోత్న్యా అనే పల్లెలో పుట్టింది, చిన్నప్పుడు పోలియో వచ్చింది, ఏ ఆర్ట్ స్కూల్ డిగ్రీ లేదు, ఎవరూ చూడని జంతువుల్ని పూలతో నింపి గీసేది. 2022 ఫిబ్రవరి చివర్లో దాడుల్లో ఇవాంకివ్ మ్యూజియం తగలబడింది, అందులో ఆమె బొమ్మలున్నాయి. ఊళ్ళోవాళ్ళు మంటల్లోకి దూరి కొన్ని బయటికి తెచ్చారు. మ్యూజియం ఉద్యోగులే కాదండీ, మామూలు జనం. ఆమె 1982లో వేసిన పావురం బొమ్మ, రెక్కలు చాచి శాంతి అడుగుతుంటుంది, ఆ తర్వాత యూరప్ నగరాల్లో ఊరేగింపుల్లో జనం చేతుల్లో కనిపించింది.

ప్రశ్న: నేను బీఎఫ్ఏ రెండో సంవత్సరం. ఆ ఆర్టిస్టులు ఇప్పుడు ఎలా బతుకుతున్నారు, ఏం చేస్తున్నారు? (ఒక విద్యార్థిని, తిరుపతి)

అమ్మాయ్, అందరూ బతికి లేరు. ల్యుబొవ్ పాంచెంకో అని 84 ఏళ్ళ పెద్దావిడ, 1960ల తరం, లినోకట్లు (లినోలియం చెక్కి తీసే అచ్చు బొమ్మలు), ఎంబ్రాయిడరీ డిజైన్లు, కోటు గుడ్డ ముక్కలతో కొలాజ్‌లు చేసేది, సోవియట్ కాలంలో ఆమెని పైకి రానివ్వలేదు. కీవ్ పక్కనున్న బూచాలో ఆక్రమణ జరిగిన నెలంతా ఇంట్లో తిండి లేకుండా ఉండిపోయింది, ఆస్పత్రికి చేర్చినా 2022 ఏప్రిల్ 30న పోయింది. డేవిడ్ చిచ్కాన్ వాటర్‌కలర్‌లో రాజకీయ బొమ్మలు వేసేవాడు, అనార్కిస్టు, అంటే ప్రభుత్వం అనేదే వద్దనేవాడు, 2024లో ఒడెసాలో అతని ప్రదర్శనని సొంత దేశంలో కొందరు వద్దని గొడవ చేసి ఆపించారు కూడా. అయినా సైన్యంలో చేరాడు, 2025 ఆగస్టులో జపొరిజ్జియా వైపు ఫ్రంట్‌లో చనిపోయాడు. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకో, ఎక్కడా సిలబస్‌లో రావు.

ఉన్నవాళ్ళు పని చేస్తూనే ఉన్నారు. పిక్టోరిక్ అనే ఇలస్ట్రేటర్ల బృందం వాళ్ళందరి పోస్టర్లు పోగుచేసి దేశదేశాల్లో ప్రదర్శనలు పెడుతోంది. దోనెత్స్క్‌లో పుట్టిన సెర్హీ మయ్‌దుకోవ్ లాంటివాళ్ళు విదేశీ పత్రికలకి గీస్తున్నారు. ఖార్కివ్‌లో హామ్లెట్ జిన్‌కివ్‌స్కీ అనే వీధి చిత్రకారుడు యుద్ధం మొదలైన కొన్ని వారాలకే ఊరికి తిరిగొచ్చేశాడు, పగిలిన కిటికీలకి కొట్టిన చెక్కల మీద, మూసేసిన షాపుల మీద నలుపు తెలుపులో బొమ్మలేస్తాడు, పక్కన చిన్న వాక్యం. వాడే రంగు నల్లది, కొంచెం తెలుపు, అంతే. కరెంటు లేకపోయినా పగలు కనిపిస్తాయి.

పుస్తకాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బొమ్మ గీస్తే సరిపోదు, అచ్చు కావాలి. 2024 మే 23న ఖార్కివ్‌లో ఫాక్టర్ ద్రుక్ అనే పెద్ద ప్రింటింగ్ ప్రెస్ మీద క్షిపణులు పడ్డాయి, పనిచేస్తున్నవాళ్ళు 7 మంది చనిపోయారు, దాదాపు 50 వేల పుస్తకాలు కాలిపోయాయి. వారం తిరిగేసరికి కీవ్‌లో బుక్ ఆర్సెనల్ పుస్తక పండగ, దాన్ని ఆపలేదు, ఆ కాలిన పుస్తకాల్ని అలాగే తెచ్చి అక్కడ పెట్టారు. అంచులు నల్లగా అయినా లోపలి లైన్లు కొన్ని చదవొచ్చు.

విజయవాడ పాఠకుడికి ఒక రిక్వెస్ట్: మీ విన్నిత్సా ఫ్రెండ్స్‌ని అడిగి వాళ్ళు గీసినవి ఏవైనా ఉంటే పంపండి, వాళ్ళ అనుమతితో, వాళ్ళ పేరు వాళ్ళు ఎలా పలుకుతారో అలాగే తెలుగులో రాసి వచ్చే సంచికలో వేస్తాం.